ఒప్పజెప్పే పద్ధతిలో జర్మన్ పదాలు: ఆంకీ కార్డులు, ఆడియోతో సమగ్ర మార్గదర్శి

చిన్నప్పుడు బడిలో పాఠం చదవడం ఒక పని, పుస్తకం మూసి మాస్టారి ముందు నిలబడి ఒప్పజెప్పడం మరో పని. ఇంట్లో పదిసార్లు చదివిన పద్యం కూడా ఒప్పజెప్పేటప్పుడు ఎక్కడో ఒకచోట ఆగిపోయేది. మాస్టారు ఆ ఒక్క మాట అందించేవారు. ఆ మాట మాత్రం ఇక మరచిపోయేవాళ్లం కాదు. కొత్త భాష మొదలుపెట్టిన పెద్దవాళ్లలో చాలామంది చదవడంతోనే సరిపెట్టుకుంటారు. నోట్‌బుక్‌లో రాసుకున్న పదాల పట్టికను పైనుంచి కిందికి చూస్తారు, అన్నీ తెలిసినట్టే అనిపిస్తాయి. మర్నాడు క్లాసులో నోరు తెరిస్తే ఒక్కటీ రాదు.

డిజిటల్ ఫ్లాష్‌కార్డు, అంటే ముందు ప్రశ్న, వెనక జవాబు ఉండి తెర మీద వచ్చే కార్డు, మనచేత ఒప్పజెప్పించుకునే మాస్టారు లాంటిది. దాన్ని చదువుకునే కాగితంలా వాడితే పాత పట్టికకూ దానికీ తేడా ఉండదు. పైచదువులకో, నర్సు ఉద్యోగానికో, అప్రెంటిస్ శిక్షణకో జర్మనీ వెళ్లాలని సాయంత్రం పూట జర్మన్ నేర్చుకుంటున్న తెలుగువాళ్ల కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. నేను కూడా అలా ఉద్యోగం చేస్తూ రాత్రిపూట నేర్చుకున్నవాణ్నే.

ముందే ఒక మాట. ఈ వ్యాసంలో చదవడానికి వీలుగా జర్మన్ మాటలను తెలుగు లిపిలో రాస్తున్నాను. మీ కార్డుల్లో మాత్రం అలా రాయవద్దు. ఎందుకో ముందుముందు చెబుతాను.

కార్డుల వెనక ఉన్న లెక్క

హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులను కంఠస్థం చేసి, వాటిని తానే ఎంత త్వరగా మరచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మరపు మొదట్లో చాలా వేగంగా జరుగుతుంది, తరవాత నెమ్మదిస్తుంది. 1972లో సెబాస్టియన్ లైట్నర్ దీన్ని అరల పెట్టెగా మార్చాడు. సరిగ్గా చెప్పిన కార్డు తరవాతి అరలోకి వెళ్లి ఆలస్యంగా మళ్లీ వస్తుంది, తప్పిన కార్డు మొదటి అరకు తిరిగి వస్తుంది. 1980లలో పోలండ్‌కు చెందిన ప్యోతర్ వోజ్నియాక్ ఈ లెక్కను కంప్యూటర్‌కు అప్పగించాడు. 2006లో డేమియన్ ఎల్మ్స్ విడుదల చేసిన ఆంకీ అనే ఫ్లాష్‌కార్డు యాప్ ఆ దారిలోదే. ఆ పేరు జపాన్ భాషలోది, కంఠస్థం చేయడం అని అర్థం.

మనకు కావలసిన సారాంశం చిన్నది. ఒక మాట మరచిపోబోయే ముందు దాన్ని గుర్తుచేసుకుంటే అది గట్టిపడుతుంది. ఆ సమయం ఎప్పుడన్నది యంత్రం చూసుకుంటుంది. గుర్తుచేసుకునే శ్రమ మాత్రం మనదే.

మొదటి అడుగు: యాప్ సిద్ధం చేసుకోవడం

ఆంకీ కంప్యూటర్‌లో ఉచితం. ఆండ్రాయిడ్ ఫోనులో ఆంకీడ్రాయిడ్ పేరుతో దొరుకుతుంది, అదీ ఉచితమే. ఐఫోనులో అధికారిక యాప్‌కు డబ్బు కట్టాలి. కట్టడం ఇష్టం లేనివాళ్లు ఆంకీవెబ్‌ను బ్రౌజర్‌లో తెరిచి పని జరుపుకోవచ్చు. దాదాపు ఇదే పేరుతో వేరే యాప్‌లు కూడా ఉన్నాయి, దింపుకునే ముందు ఒకటికి రెండుసార్లు చూడండి.

ఆంకీవెబ్‌లో ఖాతా తెరిచి ఫోనునూ కంప్యూటర్‌నూ దానికి కలపండి. కార్డుల తయారీ కంప్యూటర్‌లో, ఒప్పజెప్పడం ఫోనులో పెట్టుకుంటే పని సులువవుతుంది. ఫోను కీబోర్డులో జర్మన్ భాషను చేర్చుకోండి. అచ్చు మీద రెండు చుక్కలు పెట్టే అక్షరాలు అప్పుడే సరిగ్గా పడతాయి.

డెక్ (అంటే కార్డుల కట్ట) సెట్టింగులలో ప్రస్తుతానికి రెండే మార్చండి. రోజుకు కొత్త కార్డులు మామూలుగా 20 ఉంటాయి, దాన్ని 10 చేయండి. కార్డు మళ్లీ ఎప్పుడు రావాలో లెక్కగట్టే ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే పద్ధతి 2023 చివరి నుంచి ఆంకీలోనే వస్తోంది, దాన్ని ఆన్ చేయండి. మిగతావి ఉన్నచోటనే ఉండనివ్వండి. సెట్టింగులు సవరించుకుంటూ వారాలు గడిపి ఒక్క పదమూ నేర్చుకోనివాళ్లను చూశాను.

రెండో అడుగు: ఏ పదాలు?

ఇంటర్నెట్‌లో వేల కార్డుల డెక్‌లు తయారుగా దొరుకుతాయి. నేను మొదట చేసిన తప్పు అదే. నాలుగు వేల కార్డుల డెక్ దింపుకుని రోజుకు 40 చొప్పున మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి ఆరు వందల కార్డులు బాకీ పడ్డాయి. పైగా ఆ పదాలు ఏ వాక్యంలో వస్తాయో, ఎవరు మాట్లాడతారో నాకు తెలియదు. ఎవరో కట్టుకున్న ఇంట్లో చీకట్లో తడుముకున్నట్టు ఉండేది. డెక్ మొత్తం తీసేసి సున్నా నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

మీ క్లాసులో ఈరోజు వచ్చిన పదాలతో మొదలుపెట్టండి. ఆ తరవాత గోథె ఇన్‌స్టిట్యూట్ పరీక్షల పదజాబితాలు చూడండి. అవి దాని వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. మొదటి మెట్టు అయిన ఏ1 జాబితాలో దాదాపు 650 పదాలు, మూడో మెట్టు అయిన బీ1 జాబితాలో దాదాపు 2400 పదాలు ఉంటాయి. పదాల పక్కనే ఉదాహరణ వాక్యాలు ఉండటం వాటి గొప్పతనం. ఒక్కో పదానికి రెండు కార్డులు చేస్తాం కనుక రోజుకు పది కార్డులంటే అయిదు పదాలు. ఆ లెక్కన ఏ1 జాబితా 130 రోజుల్లో ఒక చుట్టు పూర్తవుతుంది.

మూడో అడుగు: కార్డు మీద ఏముండాలి

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. కార్డు బాగా కుదిరితే మిగతాదంతా దానంతటదే నడుస్తుంది.

ఆంకీలో కొత్త నోట్ టైప్ (కార్డుల నమూనా) ఒకటి తయారుచేసుకోండి. టూల్స్ మెనూలో మేనేజ్ నోట్ టైప్స్‌కు వెళ్లి, రివర్స్‌డ్ కార్డు ఉన్న బేసిక్ రకానికి నకలు తీసి పేరు మార్చండి. అందులో ఆరు ఫీల్డులు పెట్టుకోండి: పదం, బహువచనం, వాక్యం, శబ్దం, తెలుగు అర్థం, బొమ్మ. ఒక పదానికి మీరు నింపిన ఈ వివరాలన్నీ కలిపి ఒక నోటు. ఒక నోటు నుంచి రెండు కార్డులు పుట్టాలి. మొదటి కార్డు ముందువైపు శబ్దం మాత్రమే ఉంటుంది, అక్షరం ఒక్కటి కూడా కనిపించదు. విని అర్థం చెప్పాలి. రెండో కార్డు ముందువైపు తెలుగు అర్థమో బొమ్మో ఉంటుంది, జర్మన్ మాటను నోటితో పలకాలి. రెండింటికీ వెనకవైపు అన్నీ కనిపిస్తాయి, శబ్దం మళ్లీ వినిపిస్తుంది. ఒకే నోటుకు చెందిన రెండు కార్డులు ఒకే రోజు రాకుండా ‘బరీ’ అనే ఏర్పాటు ఉంది, దాన్ని ఆన్ చేయండి. లేకపోతే మొదటి కార్డు చూసిన గుర్తుతో రెండోదానికి జవాబు చెప్పేస్తారు.

నామవాచకాన్ని ఒంటరిగా ఎప్పుడూ రాయవద్దు. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంది. భోజనాల బల్ల మీద చూడండి: చెంచా పుంలింగం, డేర్ లొఫెల్. ఫోర్కు స్త్రీలింగం, డీ గాబెల్. కత్తి నపుంసకం, డస్ మెస్సర్. ఇందులో తర్కం వెతికితే దొరకదు. అందుకే ముందున్న డేర్, డీ, డస్ కూడా పదంలో భాగమే అనుకుని, మూడింటికీ మూడు రంగులు పెట్టి రాయండి. అయితే పదం తోకను బట్టి లింగం తెలిసిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. ‘ఉంగ్’, ‘హైట్’, ‘కైట్’, ‘షాఫ్ట్’ అనే ప్రత్యయాలతో అంతమయ్యేవి స్త్రీలింగం. చిన్నది అని చెప్పే ‘షెన్’, ‘లైన్’ తగిలితే నపుంసకం. వార్తాపత్రికను డీ ట్సైటుంగ్ అంటారు, చివరనున్న ‘ఉంగ్’ చూడండి.

అమ్మాయి అనే మాట జర్మన్‌లో నపుంసకం, డస్ మేట్‌షెన్. కారణం ఆ తోకే. దీనికి చాలామంది ఆశ్చర్యపోతారు కానీ మనం ఆశ్చర్యపోనక్కరలేదు. తెలుగులో అబ్బాయి వచ్చాడు, అమ్మాయి వచ్చింది, కుక్క వచ్చింది. అమ్మాయికీ కుక్కకూ ఒకే క్రియారూపం ఎందుకని మనకు ఏనాడైనా అనుమానం వచ్చిందా? వ్యాకరణ లింగానికి లోకంలోని ఆడ, మగ తేడాతో సంబంధం అంతంతమాత్రమే.

అర్థం ఏ భాషలో రాయాలి? తెలుగులోనే రాయాలని గట్టిగా చెబుతాను. మన క్లాసులు, పుస్తకాలు, యాప్‌లు దాదాపు అన్నీ జర్మన్‌ను ఇంగ్లీషు మీదుగా నేర్పుతాయి. ఆ దారిలో మనం సంపాదించుకున్నది కంటే పోగొట్టుకునేది ఎక్కువ. ‘విస్సెన్’, ‘కెన్నెన్’ రెండింటికీ ఇంగ్లీషులో ఒకటే మాట. తెలుగులో విస్సెన్ అంటే తెలుసు, కెన్నెన్ అంటే ఎరుగు. ‘ఇష్ కెన్నె ఈన్’: అతన్ని నేనెరుగుదును. ‘డూ’ నువ్వు, గౌరవంగా పలికే ‘జీ’ మీరు. ఇంగ్లీషు ఈ తేడాను మాపేసింది, మనం నిలుపుకున్నాం.

అన్నిటికంటే పెద్ద లాభం ‘నాకు’ దగ్గర ఉంది. జర్మన్‌లో చలి వేస్తే ‘మీర్ ఇస్ట్ కల్ట్’ అంటారు. మాటకు మాట పెడితే నాకు చలిగా ఉంది. ఇంగ్లీషు మీదుగా ఆలోచించినవాళ్లు ‘నేను చల్లగా ఉన్నాను’ అనే వాక్యం తయారుచేస్తారు. అది మనిషి స్వభావం గురించో, ఒంటి వేడి గురించో చెప్పినట్టు వినిపిస్తుంది. తల నొప్పిగా ఉంటే ‘మీర్ టూట్ డేర్ కొప్ఫ్ వే’, నాకు తల నొప్పి పెడుతోంది. నచ్చడం, రుచించడం కూడా అంతే: నాకు నచ్చింది, నాకు రుచిగా ఉంది. తెలుగు మాట్లాడేవాడికి ఈ వాక్యాలు పుట్టింటి వాక్యాలు. కార్డు వెనక ఇంగ్లీషు రాసుకుంటే చేతిలో ఉన్న ఈ వరాన్ని పారేసుకున్నట్టే.

క్రియలను వాక్యంతోనే పెట్టండి. ఎదురుచూడడం ‘వార్టెన్’ అని మాత్రమే నేర్చుకుంటే ఉపయోగం తక్కువ. ‘ఇష్ వార్టె ఔఫ్ డేన్ బుస్’, నేను బస్సు కోసం ఎదురుచూస్తున్నాను. మన ‘కోసం’ ఉన్న చోట వాళ్లకు ‘ఔఫ్’ ఉంది. అది ఈ క్రియతో పాటే గుర్తుండాలి. ఇలాంటివాటికి క్లోజ్ అనే నోట్ టైప్ వాడి, వాక్యంలో ‘ఔఫ్’ ఉన్న చోటును ఖాళీగా ఉంచండి.

వస్తువుల పేర్లకు బొమ్మ చాలు. భావాలకు బొమ్మ వెతుకుతూ సమయం పాడుచేసుకోవద్దు.

నాలుగో అడుగు: శబ్దం

కార్డు మీద జర్మన్ మాటను తెలుగు లిపిలో ఎందుకు రాయకూడదో ఇప్పుడు చెబుతాను. తెలుగులో రాసిన క్షణంలోనే మన నోరు దాన్ని తెలుగు మాటగా పలుకుతుంది. అయిదును ‘ఫున్ఫ్’ అని రాసినా ‘ఫిన్ఫ్’ అని రాసినా తప్పే, అక్కడున్న అచ్చుకు మన లిపిలో అక్షరం లేదు. పెదవులను ‘ఉ’కు చుట్టినట్టు చుట్టి, నాలుకను ‘ఇ’కు పెట్టినట్టు పెట్టి పలికితే ఆ అచ్చు వస్తుంది. అలాగే పెదవులు ‘ఓ’కు, నాలుక ‘ఏ’కు పెడితే ఇంకో అచ్చు. చెంచాకు చెప్పిన ‘లొఫెల్’లో నిజంగా ఉన్నది దాని పొట్టి రూపమే, నేను రాసిన ఒత్వం కాదు. ఇవి కంటికి అందవు, చెవికే అందుతాయి.

మనకు కలిసివచ్చేవి కూడా ఉన్నాయి. హ్రస్వం, దీర్ఘం తేడా వినే చెవి మనకు పుట్టుకతో ఉంది. ‘ఒఫెన్’ అంటే తెరిచి ఉన్నది, ‘ఓఫెన్’ అంటే పొయ్యి. ‘ష్టట్’ పట్టణం, ‘ష్టాట్’ రాజ్యం. ‘బెట్’ మంచం, ‘బేట్’ పూలమడి. ఒత్వానికీ ఓత్వానికీ వేరువేరు అక్షరాలున్న భాష మనది. ఇలాంటి జంటలకు శబ్దం మాత్రమే ఉన్న కార్డులు పది తయారుచేసుకుంటే చెవి త్వరగా కుదురుకుంటుంది.

చలి, చాలు, చుట్టం అనే మాటల్లో మన ‘చ’ను దంతాల దగ్గర పలుకుతాం. చక్కెరకు జర్మన్ మాట, రైలుకు జర్మన్ మాట సరిగ్గా ఆ శబ్దంతోనే మొదలవుతాయి: ౘుకర్, ౘూక్. అంతవరకు సులువే. ఆ హల్లు పక్కన ‘ఇ’, ‘ఏ’ వచ్చినప్పుడే చిక్కు. మన భాషలో అక్కడ దంత్య చకారం ఉండదు కనుక పదికి చెప్పే ‘ట్సేన్’ మన నోట్లో ‘చేన్’ అయిపోతుంది. ఇంకో అలవాటు, హల్లుతో ఆగిపోయే మాటకు చివర ‘ఉ’ చేర్చడం. బస్‌ను బస్సు చేసుకున్నట్టే బల్లను ‘టిష్షు’ అంటాం. ‘టిష్’ దగ్గర నోరు ఠక్కున ఆగాలి. మీ గొంతును రికార్డు చేసి వింటే ఇది వెంటనే పట్టుబడుతుంది.

శబ్దం ఎక్కడ దొరుకుతుంది? విడి పదాలకు ఫోర్వో అనే వెబ్‌సైటు మంచిది. మాతృభాషీయులు పలికిన రికార్డులు ఉంటాయి, ఖాతా తెరిస్తే దింపుకోవచ్చు. ఒకే మాటను ఇద్దరు ముగ్గురు పలికి ఉంటే వేర్వేరు గొంతులు తీసుకోండి. వాక్యాలకు పాఠ్యపుస్తకంతో వచ్చే ఆడియో, డాయిచె వెలె ప్రసారసంస్థ ఉచితంగా ఇచ్చే పాఠాలు చాలు. ఆ సంస్థ నెమ్మదిగా చదివే వార్తలను రాతప్రతితో సహా ఇస్తుంది. అవి మొదటి మెట్టువాళ్లకు బరువే, బీ1 దాటాక మాత్రం చక్కగా పనికొస్తాయి. పొడుగు ఆడియో నుంచి ఒక్క వాక్యాన్ని కత్తిరించడానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వాక్యానికి ముందు, వెనక అరక్షణం నిశ్శబ్దం వదలండి. కత్తిరించిన ఫైలును ఆంకీలోని శబ్దం ఫీల్డులోకి లాగి వదిలితే చేరిపోతుంది.

యంత్రం చదివే గొంతులు ఇప్పుడు బాగున్నాయి. మనిషి గొంతు దొరకని వాక్యానికి వాడుకోవచ్చు. కానీ ఊనిక దగ్గర నమ్మలేం. ‘ఉమ్‌ఫారెన్’ అనే క్రియలో ‘ఉమ్’ను నొక్కి పలికితే వాహనంతో గుద్ది పడేయడం, ‘ఫా’ను నొక్కి పలికితే అడ్డును తప్పించి చుట్టూ తిరిగి వెళ్లడం. ఇలాంటి మాటలకు మనిషి గొంతే పెట్టండి.

అయిదో అడుగు: రోజూ ఒప్పజెప్పడం

ఉదయం ఒక వేళ ఖాయం చేసుకోండి. మనం పెట్టుకున్న పరిమితి రోజుకు పది కొత్త కార్డులు, ఒక్కో పదానికి రెండు కార్డులు, కాబట్టి మొదట్లో రోజుకు అయిదు పదాలే అవుతాయని గమనించండి. రెండు వారాలు అలా సాగాక పెంచుకోవాలో వద్దో తేల్చుకోవచ్చు. కొత్తవి పెంచిన ప్రతిసారీ కొన్ని వారాల తరవాత రోజువారీ రివ్యూలు, అంటే మళ్లీ ఒప్పజెప్పవలసిన పాత కార్డులు, అంతకు ఎన్నో రెట్లు పెరుగుతాయి. ఈ బరువు మొదటి రోజు కనిపించదు, అందుకే అందరూ ఎక్కువ ఎత్తుకుంటారు.

కార్డు వచ్చినప్పుడు జవాబును గట్టిగా, వినబడేలా పలకండి. మనసులో అనుకుంటే ఒప్పజెప్పినట్టు కాదు. పలికాకే వెనకవైపు తిప్పండి. శబ్దం వినిపించగానే దాని వెంటే, అదే వేగంతో, అదే ఎత్తుపల్లాలతో ఇంకోసారి అనండి. కంప్యూటర్‌లో మీ గొంతు రికార్డు చేసుకుని పక్కపక్కనే వినే ఏర్పాటు ఆంకీలోనే ఉంది. అన్ని కార్డులకూ అవసరం లేదు, రోజుకు అయిదింటికి చేయండి.

బటన్లు నాలుగు. రాకపోతే ‘ఎగైన్’, వస్తే ‘గుడ్’. మొదటి రెండు నెలలు ఈ రెండే వాడండి. ‘హార్డ్’ను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. అది కష్టపడి గుర్తుచేసుకున్నాను అని చెప్పడానికి. మరచిపోయిన కార్డుకు మొహమాటంతో హార్డ్ నొక్కితే యంత్రం లెక్క తప్పుతుంది, కార్డు రావలసిన సమయానికి రాదు. లింగం తప్పు చెప్పినా ‘ఎగైన్’ నొక్కండి. ‘డేర్ గాబెల్’ అన్నవాడికి ఫోర్కు ఇంకా రానట్టే.

ప్రయాణాల్లో కార్డుల జోలికి వెళ్లకండి. కిక్కిరిసిన బస్సులో గట్టిగా పలకలేం కదా. ఆ సమయానికి వాక్యాల ఆడియో ఫైళ్లన్నీ ఒక ప్లేలిస్టుగా ఫోనులో పెట్టుకుని వినండి. కార్డుల మీద చూసిన వాక్యాలే కాబట్టి అర్థమవుతాయి, వారంలో వాటి లయ పట్టుబడుతుంది.

చిక్కులు వచ్చినప్పుడు

కొన్ని కార్డులు ఎన్నిసార్లు చెప్పినా నిలవవు. ఆంకీ వాటిని జలగలు అంటుంది. ఎనిమిదిసార్లు తప్పిన కార్డును జలగగా గుర్తిస్తుంది, సెట్టింగును బట్టి పక్కన కూడా పెట్టేస్తుంది. మన సమయాన్ని అలాగే పీలుస్తాయి కనుక ఆ పేరు సరైనదే. చాలాసార్లు కారణం ఒకదాన్నొకటి పోలిన మాటలు. ‘ట్సేలెన్’ లెక్కపెట్టడం, ‘ఎర్‌ట్సేలెన్’ కథ చెప్పడం, ‘బెట్సాలెన్’ డబ్బు కట్టడం. ఈ మూడూ ఒకే వారంలో నా డెక్‌లోకి వచ్చి నెల రోజులు నన్ను వదల్లేదు. అప్పుడు రెండింటిని ఆపేసి ఒకదాన్నే నిలబెట్టాను. అది గట్టిపడ్డాక రెండోదాన్ని వదిలాను. మూడింటికీ కొత్త వాక్యాలు రాశాను: పిల్లవాడు పదిదాకా లెక్కపెడుతున్నాడు, అమ్మమ్మ కథ చెబుతోంది, నాన్న బిల్లు కడుతున్నాడు. మనుషులు వేరైతే మాటలు వేరయ్యాయి.

పెళ్లికో జ్వరానికో వారం రోజులు ఆగిపోతే కార్డులు పేరుకుంటాయి. కొత్త పదాల సంఖ్యను సున్నా చేసి, రోజుకు 60 చొప్పున బాకీ తీర్చుకుంటూ రండి. అయిదారు రోజుల్లో దారికొస్తుంది. డెక్ తీసేయాలనిపిస్తుంది కానీ తీసేయకండి. ఆ కార్డుల్లో సగం మీకు ఇంకా గుర్తున్నాయని రెండో రోజే తెలుస్తుంది.

పరీక్షకు మూడు వారాల ముందు కొత్త కార్డులు పూర్తిగా ఆపి, ఉన్నవాటినే నడపండి. ఆ మిగిలిన సమయంలో తోటి విద్యార్థి ఒకరితో రోజూ పావుగంట జర్మన్‌లో మాట్లాడండి. ఆ మాటల్లో నాలుక తడబడ్డ పదాన్ని అక్కడికక్కడే కాగితం మీద రాసుకుని, దానికి కార్డు ఉందో లేదో రాత్రికి చూడండి. ఉండి కూడా నోటికి రాలేదంటే ఆ కార్డుకు వాక్యమో శబ్దమో కొరవడి ఉంటుంది, సరిచేయండి. పరీక్ష అయ్యాక రివ్యూలు రోజుకు పది నిమిషాలకు దిగివస్తాయి. విమానం ఎక్కేదాకా వాటిని అలాగే నడపండి.